అడిగి రా

అడగనిదే అమ్మైనా పెట్టదంటరు.
ఇది అడగకున్నా పెట్టింది.

రాత్రి నేను షట్టరు గుంజి ఇంటికి పోయినంక
అచ్చంపేట బస్టాండు ఎనక
నా మీసేవ డబ్బాల, లైటు లేని అర్రల,
ఒక్కతే కూసోని
ఎక్కడెక్కడి ముక్కలో దింపుకున్నది బ్రౌజరు.
పొద్దుగాల తెరిస్తే మూలకొక చిన్న మాట:
ప్లగిన్ కొత్తగైంది.
ఎవరు కొత్తగ జెయ్యమన్నరో చెప్పలే.
నా నెట్టు ప్యాకు సగం మింగినట్టు గూడ చెప్పలే.
వేలు పట్టే మిషన్ ఎర్రలైటు ఆర్పుకొని
నన్ను ఎన్నడు చూడనట్టే చూసింది.

గడప మీద చిగుర్ల ఈదమ్మ.
మన్ననూరు అవతల చెంచు పెంట నుంచి
కోడి కూయక ముందే నడిచి
మొదటి బస్సు దొరకబట్టుకొని వచ్చింది.
బతికే ఉన్ననని
ఏడాదికోసారి వేలు పెట్టాలె.

తపసి బంక గీకి గీకి, తేనెకు తాడు పేని పేని
ఆమె వేళ్ళ గీతలు సగం అడివిలనే ఉండిపోయినయ్.
పాత ప్లగిన్‌కు ఆ మిగిలిన సగం సాలేది.
నాలుగుసార్లు కాదని
అయిదోసారి ఔననేది,
ముసలి పట్వారి లెక్క సణిగి సణిగి.
కొత్తదానికి ఈదమ్మ ఎవరో తెల్వదు.
వేలు సరిగ పెట్టమంటది.
మల్లొకసారి సరిగ పెట్టమంటది.
"పోయినేడు బతికే ఉంటి గద బిడ్డా" అన్నది ఈదమ్మ,
నన్నా, మిషన్‌నా?

ఉప్పునుంతల మౌలాలికి ఫోను జేసిన.
పాతవన్నీ పెన్‌డ్రైవుల ఏసి
తాయెత్తు లెక్క మెడకు కట్టుకునే మనిషి.
"నిన్ననే చెప్పుంటే ఆపేటోణ్ణి గదరా" అని తిట్టి
పన్నెండింటి బస్సుల, కండక్టరు సంచిల,
చిల్లర పైసల నడుమ పెట్టి పంపిండు.

అప్పటిదాక సెట్టింగులల్ల తిరిగిన.
మెట్టు దిగితే మెట్టు, అర్ర ఎనక అర్ర.
అట్టడుగున దొరికింది:
తనంత తానే దింపుకొనుట.
పక్కన నీలం టిక్కు,
నేను ఎన్నడు పెట్టని టిక్కు.

మా జిల్లా గూడ గిట్లనే మారింది ఒక దసరా నాడు.
పాలమూరుల పండుకొని
నాగర్‌కర్నూలుల లేసినం.
పాత కాయితంల పాత జిల్లా, కొత్త కాయితంల కొత్తది,
నడుమ కూసోని నేను
దిద్దుబాటుకింతని తీసుకున్న. అబద్ధమెందుకు,
ఆ ఏడే ఈ కుర్చీ కొన్న.

టిక్కు తీసిన.
ముప్పుంటది, పైలం, అన్నది తెర.
నిజమే. గడియ ఎప్పటికీ తియ్యని ఇంటికి
దొంగ రాకున్నా చెద వస్తది.
తెల్వదా నాకు?
ఆదివారం నాడు రా, పగటిపూట రా,
తలుపు కొట్టి పేరు చెప్పు,
ఏం తెచ్చినవో మూట ఇప్పి చూపెట్టు.
రావద్దంటలేను.
అడిగి రా అంటున్న.

బస్సు ఒంటిగంటకు వచ్చింది.
పాతది ఎక్కించిన. ఎర్రలైటు కండ్లు తెరిచింది.
బొటనవేలు కాదన్నది, చూపుడువేలు కాదన్నది.
ఎడమచేతి చిటికెనవేలు దగ్గర
కొంచెం ఆలోచన జేసి
బతికే ఉన్నవు పో అన్నది.

"వచ్చేఏడు గూడ గుర్తువడ్తదా?"
"వడ్తదవ్వా. ఇగ నన్ను అడగకుండ ఏదీ మారది."
"నిన్ను అడుగుతది."
కాయితం మడత పెట్టుకుంట అన్నది,
"మరి నన్ను?"

నేను తెర దిక్కు చూసిన.

ఈదమ్మ లేసి
గాజు మీది తన వేలి చెమ్మను
కొంగుతోని తుడిచింది,
ఎనక నిలబడ్డాయన కోసం.